మండే పాదాలు, మొద్దుబారిన పాదాలు



గృహ దర్శనములకు గ్రామాలలోనికి వెళ్ళినప్పుడు మేము తరచుగా వినే మాట ఒకటున్నది. "అయ్యగారూ, పగలు ఎలాగో గడిచిపోతుందండీ. రాత్రయితే అరికాళ్ళకు కారం పూసినట్లు మంట. దుప్పటి తగిలినా ఓర్చుకోలేను." కొందరు చీమలు పాకినట్లుందంటారు, కొందరు సూదులు గుచ్చినట్లుందంటారు. పైకి పుండు లేదు, వాపు లేదు. అందుచేత ఇంటివారు కూడా ఒక్కొక్కప్పుడు నమ్మరు. "వయసు మీద పడింది, అంతే" అంటారు. ఆ బాధ నిజమైనదని మొదట ఇంటివారు గ్రహించవలెను.

షుగరు వ్యాధి ఏండ్ల తరబడి అదుపు తప్పితే, రక్తములోని అధిక చక్కెర నరాలను, వాటికి రక్తమందించే సన్నని నాళాలను పాడుచేస్తుంది. ఒంట్లో అన్నిటికంటె పొడవైన నరాలు పాదాలకు వెళ్ళేవే గనుక బాధ కాలివ్రేళ్ళ దగ్గర మొదలై, మేజోళ్ళు తొడిగినట్లుగా పైకి వస్తుంది. తరువాత చేతులకు కూడా రావచ్చును.

అయితే మంటకంటె ప్రమాదమైనది మరొకటున్నది. కొంతకాలానికి మంట దానంతటదే తగ్గవచ్చును. "ఫలానా తైలం పనిచేసింది" అని సంతోషిస్తాము. నిజానికి నరము చచ్చుబడి స్పర్శ పోయి ఉండవచ్చును. కాలి చెప్పు జారిపోయినా తెలియదు, ముల్లు దిగినా తెలియదు. పొలములో గుచ్చుకున్న ముల్లు వారము తరువాత చీముతో బయటపడుతుంది. కాళ్ళు తీసివేయవలసి వచ్చిన అనేకుల కథ ఇట్టి చిన్న గాయముతోనే మొదలైనది.

నొప్పి విలువను లోకానికి చెప్పినవారిలో డాక్టర్ పాల్ బ్రాండ్ గారు ఒకరు. 1914లో నేటి తమిళనాడులోని కొల్లి కొండలలో మిషనరీ దంపతులకు పుట్టిన ఆయన, 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చి కుష్ఠు రోగులకు సేవ చేశారు. ఆ రోగుల వ్రేళ్ళు వ్యాధివలన వాటంతటవే రాలిపోతాయని జనులు తలంచేవారు. స్పర్శ లేనందున తెలియక తగిలే గాయాలే అందుకు ముఖ్య కారణమని ఆయన చూపించారు. 1966లో అమెరికాలోని కార్విల్ ఆసుపత్రికి వెళ్ళిన తరువాత, ఈ పాఠమునే షుగరు రోగుల పాదాల విషయములోను బోధించారు. కుష్ఠు రోగులకు ఇచ్చే మెత్తని ఎం.సి.ఆర్. రబ్బరు చెప్పులనే నేడు స్పర్శ తగ్గిన షుగరు రోగులకు కూడా ఇస్తున్నారు.

ఇక చేయవలసినవి ఏవి?

షుగరును అదుపులో ఉంచుకొనుట మొదటిది. మూడు నెలల సగటు తెలిపే హెచ్‌బిఎ1సి పరీక్ష చేయించుకోండి. సంవత్సరానికొకసారైనా పాదాలలో స్పర్శ ఎంతున్నదో డాక్టరుగారిచేత చూపించుకోండి. మెట్‌ఫార్మిన్ మాత్రలు చాలాకాలముగా వాడేవారికి బి12 విటమిన్ తగ్గవచ్చును. దానివలన కూడా తిమ్మిర్లు వస్తాయి గనుక ఆ సంగతి అడగండి.

నరాల నొప్పికి వేరే మందులున్నవి. ప్రీగాబలిన్, డ్యులోక్సెటిన్, అమిట్రిప్టిలిన్ అట్టివి. అవి మత్తు, కళ్ళు తిరుగుట కలిగించవచ్చును గనుక డాక్టరు చెప్పిన మోతాదులోనే వాడవలెను. దుకాణములో కొనుక్కునే మామూలు నొప్పి బిళ్ళలు ఈ మంటకు అంతగా పనిచేయవు. వాటిలో అనేకము మూత్రపిండాలకు హాని చేస్తాయి.

తిమ్మిరెక్కిన పాదాలకు వేడినీళ్ళ కాపడము పెట్టవద్దు. స్నానపు నీటి వేడిని కాలితో గాక మోచేతితో చూడండి. ఆనెలను బ్లేడుతో కోయవద్దు. కొబ్బరినూనె రాసుకోవచ్చును గాని వ్రేళ్ళ సందులలో వద్దు. చెప్పులు వేసుకొనే ముందు దులపండి. పొగాకు, సారా మానండి.

కొందరు ఆసా రాజును చూపించి మందులు మాన్పిస్తున్నారు. రెండవ దినవృత్తాంతముల గ్రంథము 16వ అధ్యాయము చదివి చూడండి. పాదాలలో జబ్బు పుట్టినప్పుడు కూడా దేవుని విచారింపక పోవుటే అక్కడ అతని తప్పు. వైద్యము తప్పని ఆ అధ్యాయము చెప్పుట లేదు. ప్రార్థన చేయండి, మాత్రలు కూడా వేసుకోండి.

సంఘ పెద్దలకు ఒక మనవి. మనము చెప్పులు గుమ్మము బయటనే విడుస్తాము. వేసవిలో ఆరాధన ముగిసేసరికి ఆవరణలోని బండలు పెనమువలె కాలుతుంటాయి. స్పర్శ లేనివారికి ఆ నాలుగు అడుగులలోనే బొబ్బలెక్కుతాయి. అట్టివారు శుభ్రమైన చెప్పులతో లోపలికి వచ్చుటకు అనుమతించండి.

యౌవనస్థులారా, మీ అమ్మగారికో, తాతగారికో చూపు మందగించి ఉండవచ్చును. రాత్రి భోజనమైన తరువాత దీపము దగ్గర వారి అరికాళ్ళు, వ్రేళ్ళ సందులు చూడండి. ఎరుపు, పొక్కు, పగులు కనబడితే మరునాడే ఆసుపత్రికి తీసుకొని వెళ్ళండి. నొప్పి లేదుగదా అని ఆగవద్దు.