అడ్మిన్‌కి ఉద్యోగం వస్తే గ్రూపు ఏమవుతుంది?

హైదరాబాద్‌లో చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలోనైనా, అశోక్‌నగర్ రీడింగ్ రూముల్లోనైనా గ్రూప్స్ ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్ల పుస్తకం పక్కనే ఫోను ఉంటుంది. నోటిఫికేషన్ వచ్చిందా, ప్రిలిమినరీ కీ మీద అభ్యంతరాలకు గడువెంత, నల్లకుంటలో ఏ హాస్టల్లో బెడ్ ఖాళీగా ఉంది లాంటి కబుర్లు వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరుగుతుంటాయి. కోచింగ్ సెంటర్ల గ్రూపులు పక్కన పెడితే, మిగతావాటిని నడిపేది ఎక్కువగా జీతంలేని సాటి అభ్యర్థులే. జనం పెరిగితే ఇలాంటి స్వచ్ఛంద ఏర్పాట్లు నిలవవని, పెద్ద కంపెనీ సర్వర్లు ఉంటేనే భరోసా అని ఒక నమ్మకం. చరిత్ర చూస్తే అలా లేదు. ఇవి కూలేది యంత్రాలు చాలక కాదు, తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉండిపోవడం వల్ల.

వాట్సాప్‌కి ఇరవయ్యేళ్ల ముందే, 1988లో, ఫిన్‌లాండ్‌లోని ఔలు విశ్వవిద్యాలయంలో యార్కో ఒయికారినెన్ ఐఆర్‌సీ అనే చాట్ పద్ధతి తయారుచేశాడు. విశ్వవిద్యాలయాలూ కంపెనీలూ ఉచితంగా ఇచ్చిన సర్వర్లను వాలంటీర్లు కలిపి నడిపేవారు. నెట్‌వర్క్‌లో ఎవరెవరున్నారో ప్రతి సర్వరూ గుర్తుపెట్టుకోవాలి కాబట్టి జనం పెరిగినకొద్దీ అన్నింటిమీదా బరువే. మధ్యలో ఒక లింకు తెగితే నెట్‌వర్క్ రెండు ముక్కలయ్యేది. అయినా ఏ ముక్కలో వాళ్లు అక్కడ మాట్లాడుకుంటూనే ఉండేవారు, లింకు కలవగానే అందరూ మళ్లీ ఒకటయ్యేవారు. ఇన్ని ఇబ్బందులతోనే 2005లో క్వేక్‌నెట్ అనే ఐఆర్‌సీ నెట్‌వర్క్ ఒకేసారి రెండు లక్షలమందికి పైగా మోసింది. అసలు చీలికలు మనుషుల దగ్గరే వచ్చాయి. 1996లో ఈఎఫ్‌నెట్ అనే నెట్‌వర్క్ నుంచి ఐఆర్‌సీనెట్ విడిపోయింది నిర్వాహకుల తగవుతోనే. ఫ్రీనోడ్ అనే మరో ఐఆర్‌సీ నెట్‌వర్క్ కథ ఇంకా పాఠంలాంటిది: పని వాలంటీర్లది, పేరూ డొమైనూ ఒక వ్యాపారి చేతిలో. పెత్తనం గొడవ ముదిరి 2021 మేలో ఆ వాలంటీర్లు మూకుమ్మడిగా రాజీనామా చేసి లిబెరా చాట్ పెట్టుకున్నారు. వికీమీడియా, ఉబుంటు లాంటి సమూహాలు కొద్దిరోజుల్లోనే అక్కడికి మారిపోయాయి. పేరు పోయినా మనుషులు చెదరలేదు.

అయితే వాట్సాప్ ఇంత తరచుగా తెగదు కదా అనొచ్చు. నిజమే, రోజువారీ నిలకడలో కంపెనీలదే పైచేయి. 2002-03లో దుండగుల దాడులకు డాల్‌నెట్ అనే ఐఆర్‌సీ నెట్‌వర్క్ అల్లాడిపోయింది, వాలంటీర్ల దగ్గర కాచుకునే డబ్బు లేదు. కానీ 2021 అక్టోబర్ 4న వాట్సాప్ యజమాని ఫేస్‌బుక్ నిర్వహణలో జరిగిన ఒక్క పొరపాటుకు ప్రపంచమంతా వాట్సాప్ ఆరేడు గంటలు మూగబోయింది. పడితే మొత్తం పడుతుంది, సగంతో నెట్టుకురావడం ఉండదు. పైగా కంపెనీ సర్వరు గ్రూపును మోస్తుంది కానీ, గ్రూపు బాధ్యత మోయదు. వాట్సాప్ గ్రూపులో 1,024 మంది, టెలిగ్రామ్‌లో రెండు లక్షలమంది పడతారు. "పేపర్ లీకైంది" అన్న పుకారును అర్ధరాత్రి తుడిచేయాల్సింది మాత్రం మనిషే. ఆ మనిషికి ఉద్యోగం వచ్చి ట్రైనింగ్‌కి వెళ్లిపోతే, గ్రూపు ప్రకటనల పాలవుతుంది.

గ్రూపు నడిపేవాళ్లు ఇవాళే మరో ఇద్దరు నమ్మకస్తులకు అడ్మిన్ హక్కులివ్వండి. ఈ గ్రూపు ఆగిపోతే ఎక్కడ కలుసుకోవాలో సభ్యులందరికీ ముందే చెప్పిపెట్టండి. పరీక్ష తేదీల విషయంలో మాత్రం ఏ గ్రూపునూ నమ్మకండి, ఆ పరీక్షలు పెట్టే టీజీపీఎస్సీ వెబ్‌సైట్ చూడండి.