గుండె మందు కడుపును కాపాడుతుందా?

ఆర్మూరులో పసుపు ఉడికించే రోజులవి. అస్ర్ నమాజు ముగిసిన తరువాత మా మద్రసా విద్యార్థి తాతగారొకరు వచ్చి మా పక్కన కూర్చున్నారు. ఆయన చేతిలో మాత్రల షీటు ఒకటి ఉంది. "మౌలానా సాబ్, ఈ గోళీలు నా కడుపుల రక్తం పోకుండ కాపాడుతున్నయని డాక్టర్ సాబ్ చెప్పిండు. మా ఇంటామెకు నెల దినాల సంది కడుపుల మంట. సగం ఆమెకు ఇయ్యచ్చా?" అని అడిగారు.

ఆ షీటుపై ప్రొప్రనలాల్ అని ఉంది. రక్తపోటుకు, గుండె దడకు ఇచ్చే బీటా బ్లాకర్ జాతి మందు అది. గుండె మందుకు కడుపుతో పని ఏమిటన్న సందేహం మాకూ కలిగింది. మాకు పరిచయమున్న వైద్యులొకరిని అడిగి తెలుసుకునే వరకు ఆమెకు ఒక్క మాత్ర కూడా ఇవ్వవద్దని ఆయనను కోరాము. తెలుసుకున్న విషయాలు ప్రతి కుటుంబానికీ అవసరమని భావించి ఇక్కడ వివరిస్తున్నాము.

మనకు భయం గానీ ఆందోళన గానీ కలిగినప్పుడు శరీరంలో అడ్రినలిన్ అనే రసాయనం వెలువడుతుంది. తాళంలో తాళంచెవి అమరినట్లు అది గుండె కణాలపై ఉండే బీటా గ్రాహకాలలో అమరి గుండె వేగాన్ని పెంచుతుంది. ఆ తాళం రంధ్రాన్ని ముందే మూసివేస్తే గుండెకు శ్రమ తగ్గుతుందని స్కాట్లాండుకు చెందిన శాస్త్రవేత్త జేమ్స్ బ్లాక్ ఆలోచించారు. ఆ ఆలోచన నుండే 1960వ దశకంలో ప్రొప్రనలాల్ వెలువడింది. ఆయన అదే సూత్రాన్ని కడుపుకూ అన్వయించారు. ఆమ్లాన్ని ఊరించే హిస్టమిన్ గ్రాహకాలను మూసివేసే సిమెటిడిన్ అనే అల్సర్ మందు ఆయన పరిశోధన ఫలితంగా 1976లో బ్రిటన్‌లో అమ్మకానికి వచ్చింది. 1988లో నోబెల్ బహుమతి పొందిన ముగ్గురిలో ఆయన ఒకరు. ఒకే మేధస్సు నుండి పుట్టినా ఈ రెండు మందుల దారులు వేరు.

అయితే ఆ పెద్దాయనకు గుండె మందు ఎందుకిచ్చారు? గత ఏడాది ఆయన రక్తపు వాంతులతో ఆసుపత్రిలో చేరారు. హెపటైటిస్ బి వైరస్ వలన ఆయన కాలేయం గట్టిపడిందని పరీక్షలలో తేలింది. కాలేయ వ్యాధి అనగానే మద్యాన్ని అనుమానించే వారు మనలో ఉన్నారు. జీవితంలో మద్యం ముట్టని వారికి సైతం ఈ వైరస్ వలన ఆ వ్యాధి రావచ్చునని వారు గ్రహించాలి.

పేగుల నుండి, ప్లీహం నుండి వచ్చే రక్తం పోర్టల్ సిర ద్వారా కాలేయంలోకి చేరుతుంది. కాలేయం గట్టిపడితే ఆ రక్తానికి దారి సరిపోదు. వెనుక ఒత్తిడి పెరిగి అన్నవాహికలోను, కడుపులోను రక్తనాళాలు ఉబ్బుతాయి. కడుపు లోపలి పొర కూడా రక్తంతో కమిలి చెమర్చుతుంది. ప్రొప్రనలాల్ గుండె పంపే రక్తాన్ని కొంత తగ్గిస్తుంది. పేగులకు వెళ్ళే నాళాలను కొద్దిగా కుదిస్తుంది. ఆ విధంగా పోర్టల్ సిరలో ఒత్తిడి తగ్గుతుంది. ఫ్రాన్స్ వైద్యుడు దిదియె లెబ్రెక్ బృందం 74 మంది రోగులపై జరిపిన పరిశీలనను 1981లో ప్రచురించింది. ఏడాది గడిచేసరికి ఈ మందు వాడిన వారిలో మళ్ళీ రక్తస్రావమైన వారు బహు స్వల్పం. వాడని వారిలో దాదాపు సగం మందికి మళ్ళీ రక్తస్రావమైంది. కనుక డాక్టరు గారు ఆ పెద్దాయనకు చెప్పిన మాట అక్షరాలా నిజం.

ఇక సాధారణ అల్సర్ సంగతి. తీవ్రమైన ఒత్తిడికి గురిచేసిన ఎలుకలలో ప్రొప్రనలాల్ కడుపు పుండ్లను తగ్గించినట్లు ప్రయోగాలలో కనిపించింది. అంతమాత్రాన అది మనుషుల అల్సర్‌కు చికిత్స కాలేదు. మన కడుపు పుండ్లకు ముఖ్య కారణాలు రెండు. మొదటిది హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి. ఆస్ట్రేలియా వైద్యులు బారీ మార్షల్, రాబిన్ వారెన్ దాని పాత్రను కనుగొని 2005లో నోబెల్ పొందారు. రెండవది డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు. సూక్ష్మజీవికి యాంటీబయాటిక్‌లు వాడాలి, నొప్పి మాత్రలు మానాలి, ఆమ్లాన్ని తగ్గించే మందు తీసుకోవాలి. ఈ పనులేవీ ప్రొప్రనలాల్ చేయదు.

ఆయన భార్య విషయం మరీ ముఖ్యమైనది. ఆమె పసుపు కూలికి వెళతారు. నడుము నొప్పికి మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న మాత్రలను రోజూ మింగుతున్నారు. పైగా ఆమెకు ఏళ్ళ తరబడి ఉబ్బసం ఉంది. ఊపిరితిత్తుల గొట్టాలను తెరిచి ఉంచే గ్రాహకాలను సైతం ప్రొప్రనలాల్ మూసివేస్తుంది. ఉబ్బస రోగికి అది ఊపిరాడని స్థితిని, ఒక్కొక్కసారి ప్రాణాపాయాన్ని తెచ్చిపెడుతుంది. ఆ సాయంత్రం ఆయన మమ్మల్ని అడగకుండా నేరుగా ఇంటికి వెళ్ళి ఉంటే ఏమి జరిగేదో తలచుకుంటే ఇప్పటికీ మాకు ఒళ్ళు జలదరిస్తుంది.

వైద్యం తెలియకుండా వైద్యం చేసి హాని కలిగించినవాడు దానికి బాధ్యుడవుతాడని దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించారు. ఈ బోధన నాటు వైద్యులకే పరిమితమని మనం అనుకుంటాము. ప్రేమతో మన షీటు నుండి ఒక మాత్ర తీసి ఇంటివారికి ఇచ్చేటప్పుడు మనమూ ఆ స్థానంలోనే ఉంటాము.

మరొక జాగ్రత్త. బీటా బ్లాకర్ వాడుతున్నవారు దానిని హఠాత్తుగా మానితే గుండెకు ప్రమాదం. రమజాన్‌కు ముందే వైద్యుని కలిసి సహర్, ఇఫ్తార్ వేళలకు మోతాదు ఎలా మార్చుకోవాలో అడగాలి. ఉపవాసమే తగదని వైద్యుడు చెబితే రోగికి ధర్మం మినహాయింపునిచ్చింది. మలం తారులా నల్లబడినా, వాంతిలో రక్తం కనిపించినా తెల్లవారే దాకా ఆగకుండా ఆసుపత్రికి చేరాలి.

ఆ తల్లి మరుసటి వారం పరీక్ష చేయించుకున్నారు. కడుపులో పుండు, దానితో పాటు సూక్ష్మజీవి ఉన్నట్లు తేలింది. రెండు వారాల మందులు వాడారు, నొప్పి మాత్రలు మానారు. ఇప్పుడు మంట తగ్గిందని మనవడితో కబురు పంపారు. పెద్దాయన తన మాత్రలు తానే వేసుకుంటున్నారు, వేళ తప్పకుండా. అల్లాహ్ మన ఇళ్ళలోని రోగులందరికీ స్వస్థత ప్రసాదించుగాక. ఆమీన్.