చెట్లకు శస్త్రచికిత్స

వానకాలము రాకముందే విద్యుత్ తీగలకు తగులు కొమ్మలను నరకుట మన పట్టణములలో ఏటేటా జరుగు పనియే. కరీంనగరమున గాని, ఆదిలాబాదున గాని వీధి వెంటనున్న వేపను, కానుగను పరిశీలించినచో తల నరికిన మోడులును, చీలిన బెరడును కనిపించును. "చెట్టే గదా, మరల చిగుర్చును" అని కొందరందురు. "పచ్చని చెట్టుపై కత్తి పెట్టరాదు" అని మరికొందరు ఎండుకొమ్మను గూడ తాకనీయరు. ఈ రెండు భావములును పొరపాటులే. ఏల?

మన చర్మము తెగినచో క్రొత్త కణములు పుట్టి ఆ చోటును పూడ్చును. చెట్టునకు అట్టి శక్తి లేదు. చచ్చిన కఱ్ఱ తిరిగి బ్రతుకదు. చెట్టు చేయగలిగినవి రెండే: గాయము చుట్టును రసాయన పదార్థములతో అడ్డుగోడ కట్టి శిలీంధ్రములను నిలువరించుట, బెరడు క్రిందనున్న విభాజ్య కణావళి నుండి క్రొత్త కఱ్ఱను పెంచి గాయమును కప్పివేయుట. అమెరికా శాస్త్రజ్ఞుడు అలెక్స్ షైగో వేలకొలది చెట్లను కోసి చూచి, 1970వ దశకములో ఈ విషయమును స్పష్టపరచెను.

కొమ్మ మాను నుండి బయలుదేరు చోట కొంచెము ఉబ్బిన వలయ మొకటి యుండును. రక్షణగోడ లేచునది అక్కడనే. కావున ఆ వలయమును గాయపరచక, దానికి వెలుపలగా కోయవలెను. బరువైన కొమ్మను ఒక్కమారు కోసినచో అది విరుగుచు మాను బెరడును చీల్చుకొని పోవును. అందుచే మొదట కొంత దూరమున క్రింది నుండి సగము లోతు లోపుగా ఒక గాటు, దానికి ఆవల పైనుండి రెండవ కోత, చివరకు మిగిలిన మొండెమును తీయుట అను క్రమమును పాటింతురు. తారు పూయుట, తొఱ్ఱలో సిమెంటు నింపుట అను పాత పద్ధతులను నేటి నిపుణులు సమర్థింపరు.

తల నరికిన చెట్టు చిగుర్చుట నిజమే. కాని ఆ రెమ్మలు పై పొరలనుండియే పుట్టును. అడుగున కఱ్ఱ కుళ్లుచుండగా అవి లావెక్కి, ఒకనాటి గాలికి విరిగి బాటసారిపై పడును. ఎండుకొమ్మను తీయకున్నను ప్రమాద మదియే.

తగిన చికిత్సకు మన ప్రాంతమున ఉదాహరణములు కలవు. మహబూబ్‌నగర్ వద్దనున్న సుమారు 700 ఏండ్ల పిల్లలమఱ్ఱిలో 2017 డిసెంబరున ఒక పెద్దకొమ్మ కూలినది. చెదలే ప్రధాన కారణమని తేలగా, 2018లో సెలైను సీసాల ద్వారా పురుగుమందును చుక్కలు చుక్కలుగా కఱ్ఱలోనికి పంపిరి; బరువైన కొమ్మలకు ఆధారములు నిలిపిరి. సిరిసిల్ల జిల్లా సుద్దాలలో వర్షములకు కూలిన సుమారు 70 ఏండ్ల మఱ్ఱికి ఊరివా రొకరు నీరు పోయుచు రాగా అది చిగిర్చినది. దానిని 2022 ఫిబ్రవరిలో కొమ్మలు తగ్గించి, జిల్లెల్ల అటవీ ప్రాంతమునకు తరలించి నాటిరి. కొమ్మల నుండియు వేళ్లు పుట్టించుకొను జాతి గనుక మఱ్ఱికి ఇది సాధ్యమైనది. అన్ని చెట్లకును ఈ శక్తి లేదు.

మీ పాఠశాల ఆవరణలోని చెట్టును రేపు పరిశీలింపుడు. పాత కోత చుట్టును గుండ్రని అంచు పెరుగుచున్నచో అది సరియైన కోత. మొండెము మిగిలి కుళ్లుచున్నచో, గొడ్డలి పట్టిన చేతికి చెట్టు స్వభావము తెలియలేదని గ్రహింపవలెను.