రుచి, పేరు, ఊరు: కుటుంబ భోజనశాలల విదేశీ విస్తరణలో యాజమాన్య ప్రశ్న

కీలకపదాలు: మోతీ మహల్, వాణిజ్య చిహ్నం, భౌగోళిక సూచిక, పల్నాడు, ఆహార సంస్కృతి

ఉపోద్ఘాతం

పల్నాడు జిల్లా ఈపూరు మండలం మిరప, పత్తి పండే నేల. ఈ ప్రాంతపు కల్లాల్లో ఎండిన మిరపకాయ గుంటూరు మార్కెట్ యార్డు మీదుగా దేశదేశాల వంటశాలలకు చేరుతుంది. కాయ చేరుతుంది గాని, అది పండిన ఊరి పేరు చేరదు. దిల్లీలోని ఒక పంజాబీ భోజనశాల విషయంలో జరిగింది దీనికి భిన్నం. అక్కడ పండిన పంటేమీ లేదు, పేరు మాత్రం ప్రపంచమంతటా పాకింది. ఆహారం పరదేశానికి వెళ్ళినప్పుడు దానివెంట ఎవరి పేరు వెళ్తుంది, ఆ పేరుపై హక్కు ఎవరిది అన్న ప్రశ్నను ఈ రెండు ఉదాహరణల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఉమ్మడి పొయ్యి నుంచి కుటుంబ వ్యాపారానికి

పంజాబు పల్లెల్లో తందూరు ఒక ఇంటి సొత్తు కాదు. ఇరుగుపొరుగు స్త్రీలు పిండి తెచ్చుకొని రొట్టెలు కాల్చుకొనే ఉమ్మడి పొయ్యిని అక్కడ ‘సాంఝా చూల్హా’ అంటారు. 1947 దేశవిభజనలో పెషావర్ నుంచి దిల్లీకి తరలివచ్చిన కుందన్ లాల్ గుజ్రాల్, కుందన్ లాల్ జగ్గీ, ఠాకుర్ దాస్ మగూ భాగస్వాములై దర్యాగంజ్‌లో ‘మోతీ మహల్’ను నెలకొల్పారు. పల్లె వాడుకలోని తందూరు ఈ విధంగా నగర భోజనశాలకు కేంద్రమైంది. తందూరీ కోడి, బటర్ చికెన్, దాల్ మఖనీ ఆ సంస్థకు గుర్తింపుగా నిలిచాయి.

ఈ వంటకాలు సులభంగా సరిహద్దులు దాటడానికి వాటి నిర్మాణమే ముఖ్య కారణం. మాంసాన్ని ముందుగా పెరుగు, మసాలాలలో నానబెట్టి ఉంచవచ్చు. టమాటా, వెన్న, మీగడల పులుసును పెద్ద మొత్తంలో సిద్ధం చేసుకోవచ్చు. తందూరు వద్ద ఒకరు, పులుసు వద్ద ఒకరు పని పంచుకుంటే రుచి ఒక్క వంటవాని చేతివాటంపై ఆధారపడదు. మసాలా పాళ్ళు కుటుంబం చేతిలో ఉంటే చాలు, వంటశాల ఎక్కడైనా నడుస్తుంది. ఆకు నిండా పప్పు, పచ్చడి, వేపుడు, పులుసు వేడివేడిగా వడ్డించే తెలుగు భోజనానికి ఈ సౌలభ్యం తక్కువ. తెలుగు నేలనుంచి విదేశాలకు వెళ్ళిన వంటకాల్లో బిర్యానీ ముందుండడానికీ ఇదొక కారణం కావచ్చు.

వంటకం చేజారుతుంది, పేరు మిగులుతుంది

అయితే సులభంగా ప్రయాణించే వంటకం అంతే సులభంగా పరుల పాలవుతుంది. బ్రిటన్‌లో తందూరీ వంటకాలను విస్తృతంగా ప్రచారం చేసినవారిలో అధికులు పంజాబీలు కారు, నేటి బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ ప్రాంతీయులు. 2001లో నాటి బ్రిటన్ విదేశాంగ మంత్రి రాబిన్ కుక్ చికెన్ టిక్కా మసాలాను తమ జాతీయ వంటకంగా అభివర్ణించే నాటికి దానిపై ఏ కుటుంబానికీ పట్టు లేదు. పదార్థాల జాబితాకు, వండే పద్ధతికి గ్రంథస్వామ్య రక్షణ సాధారణంగా లభించదు. అందువల్ల కుటుంబానికి మిగిలే ఆస్తి పేరు ఒక్కటే. 1999 నాటి వాణిజ్య చిహ్నాల చట్టం ఆ పేరును రక్షిస్తుంది, రుసుముపై ఇతరులకు వాడుకొనేందుకు ఇచ్చే వీలూ కల్పిస్తుంది. గుజ్రాల్ వారసులు ‘మోతీ మహల్ డీలక్స్’ శాఖలను విస్తరించింది ఈ పద్ధతిలోనే.

పేరు ఆస్తి అయినప్పుడు పంపకాల తగవూ తప్పదు. జగ్గీ వారసుడు భాగస్వామిగా 2019లో ‘దర్యాగంజ్’ అనే భోజనశాల ఆరంభమై, తామే బటర్ చికెన్, దాల్ మఖనీల సృష్టికర్తల వారసులమని ప్రకటించుకొంది. దీనిపై గుజ్రాల్ కుటుంబం వేసిన దావా 2024లో దిల్లీ ఉన్నత న్యాయస్థానం ముందుకు వచ్చింది. బటర్ చికెన్ పెషావర్‌లోనే పుట్టిందని ఒక పక్షం, దిల్లీలో పుట్టిందని మరొక పక్షం వాదించాయి. ఒకే వంటశాలలో కలిసి పనిచేసిన భాగస్వాముల వారసులు ఆ వంటశాల చరిత్రపైనే వాదులాడుకోవలసి వచ్చింది.

హైదరాబాదులోని కరాచీ బేకరీ ఇదే ప్రశ్నకు మరొక పార్శ్వం. విభజనకాలంలో తరలివచ్చిన సింధీ కుటుంబానికి చెందిన ఖాన్‌చంద్ రమ్నానీ 1953లో దీనిని స్థాపించారు. విడిచివచ్చిన ఊరి పేరు ఇక్కడ కుటుంబపు వ్యాపార నామమైంది. 2019లో పుల్వామా దాడి అనంతరం బెంగళూరు శాఖ వద్ద ఆ పేరుపై నిరసన ఎదురైంది. ఊరి పేరును ఒక కుటుంబం ధరించినా, ఆ పేరుకు లోకం ఇచ్చే అర్థం ఆ కుటుంబం అదుపులో ఉండదని ఈ సంఘటన తెలుపుతుంది.

ఊరి పేరే ఉమ్మడి ఆస్తిగా

కుటుంబ నామానికి ప్రత్యామ్నాయం భౌగోళిక సూచిక. హైదరాబాదీ హలీం 2010లో, బందరు లడ్డు 2017లో, ఆత్రేయపురం పూతరేకులు 2023లో ఈ గుర్తింపు పొందాయి. 1999లో రూపొంది 2003లో అమలులోకి వచ్చిన భౌగోళిక సూచికల చట్టం ప్రకారం ఈ హక్కును అమ్మడానికి, బదిలీ చేయడానికి, తాకట్టు పెట్టడానికి వీలులేదు. మోతీ మహల్ పేరుకు సాధ్యమైన విక్రయం బందరు లడ్డు పేరుకు సాధ్యం కాదు. అది ఆ ఊరి తయారీదారులందరిదీ.

సమష్టి భోజనమన్న భావన పల్నాడుకు కొత్తది కాదు. 12వ శతాబ్దిలో మాచర్లలో బ్రహ్మనాయుడు కులభేదం పాటించక చాపకూడు నడిపినట్లు పల్నాటి వీరుల కథ చెబుతుంది. సాంఝా చూల్హా వలెనే చాపకూడుకూ ఒక్క యజమాని లేడు.

గుంటూరు సన్నం మిరపకు భౌగోళిక సూచిక ఉంది. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడేవరకు ఈపూరు గుంటూరు జిల్లాలోనిదే. అయినా ఈ రక్షణకు రెండు పరిమితులున్నాయి. మొదటిది, భారతీయ నమోదు భారతదేశంలోనే చెల్లుతుంది, విదేశాల్లో రక్షణకు ఆయా దేశాల చట్టాల కింద వేరుగా ప్రయత్నించాలి. రెండవది, అది కాయకు వర్తిస్తుంది గాని వంటకానికి కాదు. విదేశంలోని భోజనశాల పట్టికలో ‘గుంటూరు కోడి వేపుడు’ అని రాసినవారు గుంటూరు మిరపే వాడాలన్న నియమం లేదు.

ముగింపు

పంజాబీ కుటుంబాల అనుభవం రెండు విషయాలు బోధిస్తుంది. పేరును ముందుగా నమోదు చేసుకున్నవారే విస్తరణ ఫలాన్ని అందుకుంటారు. ఆ పేరు కుటుంబ సొత్తుగానే మిగిలితే కాలక్రమంలో అది వారసుల వివాదంగా మారే అవకాశం ఉంది. తెలుగు వంటకాలు విదేశాల్లో ఊళ్ళ పేర్లతోనే చలామణి అవుతున్న ఈ కాలంలో, ఆ ఊళ్ళ రైతులు, వంటవారు అధీకృత వినియోగదారులుగా నమోదు కావడం, ఎగుమతి దేశాల్లోనూ రక్షణ కోరడం అవసరం. లేనిచో ఈపూరు మిరప ఘాటు విదేశీ విస్తళ్ళకు చేరుతూనే ఉంటుంది, ఆ పేరుకు దక్కే విలువ మాత్రం ఈపూరుకు తిరిగి రాదు.