తెగిన పుల్ల, బెండైన రిమ్ము

జనగామ నుంచి భూపాలపల్లి దాకా సైకిల్ ఇప్పటికీ బరువులు మోస్తూనే ఉంది. క్యారియర్ మీద పాల క్యాన్లు, సీటు మీద మనిషి. ఆ భారమంతా ఎక్కువగా వెనక చక్రానిదే కాబట్టి పుల్లలు (స్పోకులు) తెగేదీ దానికే. అందుకే పాతరకం నల్ల సైకిళ్లలో ముందు చక్రానికి 32 పుల్లలుంటే వెనక దానికి 40 ఉంటాయి.

ఎడ్లబండి చక్రంలో కిందికొచ్చిన కర్ర ఆకు బరువును నిలబడి మోస్తుంది. సైకిల్ పుల్ల సన్నని తీగ కాబట్టి అలా మోయలేదు. దాన్ని ముందే లాగి బిగించి ఉంచాలన్న ఆలోచన 1808లో ఇంగ్లండులో జార్జ్ కేలీకి వచ్చింది, అదీ ఎగిరే యంత్రం కోసం! 1869లో పారిస్‌లో యూజీన్ మేయర్ తీగ చక్రానికి పేటెంటు పొందాడు. 1874లో కావెంట్రీలో జేమ్స్ స్టార్లీ పుల్లలను ఏటవాలుగా, ఒకదాన్నొకటి దాటేలా అల్లాడు. దాంతో తొక్కిన బలం వృథా కాకుండా చక్రం మధ్యనున్న హబ్బు నుంచి రిమ్ముకు చేరింది. నేటికీ అదే అల్లిక.

బరువు పడ్డప్పుడు నేలవైపున్న పుల్లల బిగువు తగ్గుతుంది, పైకి రాగానే మళ్లీ పెరుగుతుంది. 28 అంగుళాల చక్రం కిలోమీటరుకు దాదాపు 450 సార్లు తిరుగుతుంది. ప్రతి చుట్టుకూ ఇదే తంతు. లోహం అలిసిపోయి, చాలాసార్లు హబ్బు దగ్గర వంచిన మెడలోనే తెగుతుంది. బిగువు ఎక్కువై తెగిందనుకుంటారు చాలామంది. నిజానికి వదులు పుల్లే ఎక్కువ కదిలి త్వరగా అలిసిపోతుంది.

ఒక పుల్ల తెగితే ఆ వైపు లాగే బలం తగ్గి రిమ్ము అవతలి వైపుకు ఒరుగుతుంది. తెగింది ఫ్రీవీల్ వైపైతే ముందు ఫ్రీవీల్ విప్పాల్సిందే. కొత్త పుల్ల వేశాక మెకానిక్ సైకిల్‌ను తలకిందులు చేసి, ఫ్రేముకు సుద్దముక్క ఆనించి చక్రం తిప్పుతాడు. రిమ్ముకు సుద్ద అంటిన చోటే బెండు. అక్కడ ఆ వైపు పుల్లను రిమ్ముకు బిగించే నిప్పల్‌ను పావు చుట్టు వదులు చేసి, ఎదుటి వైపుది పావు చుట్టు బిగిస్తాడు. మళ్లీ తిప్పి చూస్తాడు. ఈ పనిలో తొందర పనికిరాదు. ఒకేసారి బిగిస్తే రిమ్ము ఇంకోచోట వంకరపోతుంది. చివరగా నిప్పల్ దాటి పొడుచుకొచ్చిన కొసను ఆకురాయితో అరగదీయాలి, లేదంటే ట్యూబు పంక్చరే.

పుల్ల తెగిన చక్రాన్ని అలాగే తొక్కకండి, దాని భారం పక్కవాటిపై పడుతుంది. కొత్తది వేయించేటప్పుడు మిగతావాటినీ ఒక్కొక్కటిగా మీటి బిగువు చూడమని అడగండి.