అర పాయింటు బరువు

చదరంగంలో గేమ్ డ్రా అయితే ఇద్దరికీ చెరో అర పాయింటు వస్తుంది. టోర్నమెంట్ పట్టికలో ఆ రెండు అరలూ సమానమే. రేటింగ్ లెక్కలో కాదు. హంగరీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన భౌతికశాస్త్ర ఆచార్యుడు అర్పాద్ ఎలో రూపొందించిన ఈ రేటింగ్ పద్ధతిని అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ‘ఫిడే’ 1970లో స్వీకరించింది. ఇద్దరి రేటింగుల తేడాను బట్టి ఎవరు ఎంత తెచ్చుకోవాలో ఇది ముందే అంచనా కడుతుంది. ఒకరిది 2500, మరొకరిది 2300 అనుకుందాం. అంచనా ప్రకారం మొదటివారికి సగటున గేముకు 0.76 పాయింటు, రెండోవారికి 0.24 రావాలి. డ్రాతో ఇద్దరికీ 0.5 వచ్చింది కనుక తేడా 0.26. దీన్ని ‘కె’ అనే గుణకంతో హెచ్చిస్తారు. ఒకసారి 2400 అందుకున్నవారికి కె 10, అంతకు చేరని అనుభవజ్ఞులకు 20. అంటే పెద్ద ఆటగాడి రేటింగ్ 2.6 తగ్గుతుంది, చిన్న ఆటగాడిది 5.2 పెరుగుతుంది.

స్విస్ పద్ధతి ఓపెన్ టోర్నమెంట్లలో తొలి రౌండులో రేటింగ్ జాబితా పైసగంలోని వారిని కిందిసగంలోని వారితో కలుపుతారు కాబట్టి ఇలాంటి జోడీలు అక్కడ మామూలే. తక్కువ రేటింగ్ ఉన్నవారు డ్రా కోసం తరచూ పావులు మార్చుకుంటూ ఆటను తేలిక చేస్తారు. బలమైనవారు పావుల్ని బోర్డు మీదే ఉంచి చిక్కుముడి పెంచుతారు. గెలుపు కోసం మితిమీరి తెగిస్తే ఓటమే ఎదురు కావచ్చు.

అయితే ఇలాంటి డ్రా అంటే ప్రతిసారీ చిన్నవారు గండం గట్టెక్కడమే అనుకోకూడదు. 2004 మార్చిలో ఐస్‌లాండ్ రాజధాని రేక్యవిక్‌లో జరిగిన ర్యాపిడ్ టోర్నమెంటే ఇందుకు గొప్ప ఉదాహరణ. ప్రపంచ నంబర్ వన్ గ్యారీ కాస్పరోవ్ రేటింగ్ అప్పుడు 2831. ఎదురుగా కూర్చున్న నార్వే బాలుడు మాగ్నస్ కార్ల్‌సన్‌ది 2484, వయసు 13. ఈ తేడాకు కార్ల్‌సన్ నుంచి ఆశించదగినది 0.12 పాయింటే. తెల్లపావులతో ఆడిన అతను స్పష్టమైన ఆధిక్యం సంపాదించాడు. దాన్ని గెలుపుగా మలచలేకపోవడంతో గేమ్ 52 ఎత్తుల్లో డ్రాగా ముగిసింది. ఆ రోజు గండం గట్టెక్కింది కాస్పరోవే. రెండో గేమ్ నెగ్గి, 1.5-0.5తో ఆయన ముందుకు వెళ్లాడు. మరుసటి నెలలో దుబాయ్ టోర్నమెంటుతో కార్ల్‌సన్ గ్రాండ్‌మాస్టర్ అర్హత పూర్తి చేసుకున్నాడు.