కరెంటు వడికే దారం

ఒరేయ్ బుజ్జీ, పామర్రు సెంటర్లో బందరు బస్సు కోసం నిలబడ్డప్పుడు పీచుమిఠాయి బండి దగ్గరే అతుక్కుపోయావుగా? కరిగిన పంచదార, గిన్నె గిర్రున తిరిగే ఊపుకి సన్న రంధ్రాల్లోంచి ఎగజిమ్మి, గాల్లోనే గట్టిపడి పీచవుతుంది. ఆ గిన్నెను తిప్పడం మానేసి, లాగే పని కరెంటుకి అప్పజెబితే ఏమవుతుందంటావు? దాన్నే ఎలక్ట్రోస్పిన్నింగ్ అంటారు.

ప్లాస్టిక్ లాంటి పాలిమర్‌ని ద్రావకంలో కాస్త జిగురుగా కరిగించి ఇంజెక్షన్ సిరంజిలో పోస్తారు. సూదికి పది, ఇరవై వేల వోల్టులు ఇస్తారు. మనింట్లో ఉండేది 230, గుర్తుంచుకో, నువ్వు మాత్రం ముట్టుకోకు! ఎదురుగా జానెడు దూరంలో ఎర్తు చేసిన రేకు. సూది కొసన గుండ్రంగా వేలాడే బొట్టు, వోల్టేజి పెంచేకొద్దీ సాగి శంకువులా మొనదేలుతుంది. జెఫ్రీ టేలర్ అనే శాస్త్రవేత్త 1964లో ఆ శంకువు కోణం లెక్కగట్టాడు, ఆయన పేరే దానికి నిలిచింది. ఆ మొనలోంచి సన్నటి ధార బయటికొస్తుంది. అది తిన్నగా పోతుందా? పోదు. ధార నిండా ఒకే రకం ఛార్జి కదా, ఒకదాన్నొకటి నెట్టుకుంటూ మెలికలు తిరిగిపోతుంది. ఆ మెలికల్లోనే సాగిసాగి, ద్రావకం ఆవిరైపోయి, రేకు మీద తెల్లటి పొరగా పడుతుంది.

ఎంత సన్నమంటావా? పెడన నేతగాళ్లకి 100 కౌంటు నూలంటే చాలా సన్నమన్నట్టే. అది గ్రాముకి 170 మీటర్లు కూడా రాదు. 200 నానోమీటర్ల దారమైతే గ్రాముకి సుమారు 26 వేల కిలోమీటర్లు వస్తుంది! ఆ గ్రాము దారం పైతలాన్ని లెక్కేస్తే దాదాపు 20 చదరపు గజాలు. సెంటర్లో అంత స్థలం ఎంత పలుకుతుందో మీ నాన్ననడుగు.

ఈ పద్ధతికి ఫార్మ్‌హాల్స్ అనే ఆయన 1934లోనే పేటెంటు తీసుకున్నాడు. తర్వాత చాన్నాళ్లు దీనికి పెద్దగా పేరు రాలేదు. 1990లలో అమెరికాలో రెనెకర్ అనే శాస్త్రవేత్త దీన్ని మళ్లీ పైకి తెచ్చాడు. ఆ తర్వాత ఈ రంగంలో గట్టిగా వినిపించిన పేరు మన తెలుగాయనది, సీరం రామకృష్ణ గారిది. విశాఖలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదివి, మద్రాసు ఐఐటీ, కేంబ్రిడ్జి మీదుగా సింగపూర్ నేషనల్ యూనివర్సిటీకి చేరారు. సహచరులతో కలిసి 2005లో ఆయన వేసిన పుస్తకంతోనే ఈ విద్యలో ఓనమాలు దిద్దుకున్న కుర్రాళ్లు బోలెడు మంది.

మరి ఈ దారంతో చొక్కా కుట్టుకోవచ్చు గదా అంటావు. అక్కడే చిక్కు. ఒక సూది గంటకి మిల్లీలీటరు ద్రావణం వడికితే గొప్ప. అందులో పదోవంతే పాలిమర్. అంటే గ్రాము దారానికి పది గంటలు! చొక్కా అయ్యేసరికి నువ్వు తాతవవుతావు. అందుకే తెలివైనవాళ్లు దీన్ని బట్టగా నెయ్యరు, మామూలు బట్టకో కాగితానికో పైపూతగా వేస్తారు. ఇంజన్లకి పెట్టే ఎయిర్ ఫిల్టర్ కాగితాల మీద ఇలాంటి పొర ఎప్పటినుంచో ఉంది. కరోనా రోజుల్లో వేసుకున్న ఎన్95 మాస్కు దుమ్మును చాలామటుకు స్టాటిక్ ఛార్జితో పట్టేది, స్పిరిటుతో కడిగితే ఆ ఛార్జి కాస్తా పోయేది. నానోదారం పొరకి ఆ బెంగ తక్కువ, సన్నదనంతోనే పని కానిస్తుంది. రైసుమిల్లులో తవుడు దుమ్ము మధ్య పనిచేసే వాళ్లకి అలాంటి మాస్కు చవగ్గా దొరకాలని నాకు మహా ఆశ.

ఈ పొరతో దుమ్మునే కాదు, నీళ్లనీ ఆపొచ్చు. తామరాకు మీద నీళ్లెందుకు నిలవవు? ఆకు మీద కంటికి ఆనని బుడిపెలు, వాటి మీద మైనం పూత. నీళ్లంటే గిట్టని పాలిమర్‌ని ఇలా వడికితే, దారాల అల్లికే బుడిపెల గరుకుదనాన్ని ఇస్తుంది. చెమట ఆవిరి బయటికెళ్తుంది, వాన చుక్క లోపలికి రాదు.

మన డెల్టాలో మాత్రం ఒక తంటా ఉంది. గాల్లో తేమ. శ్రావణమాసపు ముసురులో ద్రావకం ఆరే తీరే మారిపోతుంది. కొన్ని పాలిమర్ల దారాలు తడితడిగా అంటుకుపోతాయి, కొన్నిటికి ఒళ్లంతా చిల్లులు పడతాయి. బెజవాడ కాలేజీ కుర్రాళ్లెవరైనా ఈ పని మొదలుపెడితే, సిరంజి కంటే ముందు తేమ కొలిచే మీటరు కొనుక్కోమంటాను.